మిగిల్చిన నీళ్లు ఎవరి వాటా?

నస్పూర్ బొగ్గు ఊరు. శ్రీరాంపూర్ గనులు, సింగరేణి కాలనీలు, ఈ మధ్య వచ్చిన మంచిర్యాల జిల్లా కలెక్టరేట్, వీటి మధ్య పొలం కనిపించాలంటే ఊరు దాటి కాస్త పోవాలి. అయితే ఒకే నది నీటికి ఇంతమంది హక్కుదారులు ఇంత దగ్గరగా ఉన్న చోటు ఉత్తర తెలంగాణలో తక్కువ. ఎగువన 20 టీఎంసీల ఎల్లంపల్లి ఉంది. రామగుండం విద్యుత్ కేంద్రానికి, హైదరాబాద్ తాగునీటికి, కాళేశ్వరం ఎత్తిపోతలకు నీళ్లు అక్కడి నుంచే వెళ్తాయి. దిగువన సుందిళ్ల బ్యారేజీ ఉంది. పడమటి మండలాల్లో కడెం కాలువ ఆయకట్టు, ఊరూరా చెరువులు, వాటి నడుమ బోర్లు, బావులు. తక్కువ నీటితో ఎక్కువ తిండి పండించడమెలా అని ప్రపంచమంతా పరిశోధన జరుగుతోంది. ఆ పరిశోధన చెప్పే జవాబులు ఎంతవరకు నిలబడతాయో చూడటానికి ఇలాంటి చోటే సరైనది.

మనుషులు నదుల నుంచి, భూమి నుంచి తీసుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం వ్యవసాయానికే పోతోంది. పంటల్లో ఎక్కువ నీరు అడిగేది వరి. కిలో వడ్లు పండాలంటే వాన రూపంలోనో పారకం రూపంలోనో సగటున 2,500 లీటర్లు పొలానికి చేరాలని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా. నేలను బట్టి, యాజమాన్యాన్ని బట్టి అది 800 లీటర్లకు తగ్గవచ్చు, 5,000 దాటవచ్చు. ఈ అంతరమే పరిశోధకులకు ఆశ కల్పిస్తోంది. ఎక్కువ వాడే చోట సగానికి తగ్గించగలిగినా, మిగిలిన నీటితో ఇంకొకరి పంట పండుతుందన్నది వారి వాదన. వాదన సబబే. అయితే ఆ ఇంకొకరు ఎవరన్నది ఈ లెక్కలో ఉండదు. వివాదమంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ పరిశోధన ఇచ్చిన వాటిలో అన్నిటికంటే చౌకైనది తడి-పొడి పద్ధతి. దానికి కావలసిన పనిముట్టు ఒక గొట్టం ముక్క. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగం చుట్టూ రంధ్రాలు వేసి, ఆ సగం మడిలో దిగేదాకా కొట్టి, లోపలి బురద తీసేయాలి. మడిలో పైనీరు ఇంకిపోయాక గొట్టంలోకి చూస్తే నేల లోపల నీరు ఎంత లోతున ఉందో తెలుస్తుంది. అది 15 సెంటీమీటర్లు దిగేదాకా ఆగి, అప్పుడు 5 సెంటీమీటర్ల మేర పెట్టాలి. నాటు తర్వాత రెండు వారాలు కలుపు అణగడానికి, పూత సమయంలో తాలు పోకుండా ఉండటానికి మాత్రం నీరు నిలపాలి. పైకి ఆరినట్టు కనిపించే మడిలో వేళ్లకు ఇంకా తేమ అందుతోందని రైతుకు కళ్లతో చూపించడమే ఆ గొట్టం చేసే పని. ఇలా చేస్తే దిగుబడి పెద్దగా తగ్గకుండానే 30 శాతం దాకా పారకం తగ్గుతుందని చాలా దేశాల్లో తేలింది. నిలవ నీటి నుంచి వెలువడే మీథేన్ కూడా బాగా తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరిగినా, మొత్తం మీద వాతావరణానికి మేలేనని నిపుణులు అంటున్నారు.

ఇంత చౌకైన గొట్టం మన పొలాల్లో అరుదుగానే కనిపిస్తుంది. దీనికి రైతుల తెలియనితనం కారణమనడం తేలిక, కానీ న్యాయం కాదు. చెరువు కింది ఆయకట్టులో ప్రతి మడికీ వేరే కాలువ ఉండదు. నీరు తూము దిగి పై మడి నుంచి కింది మడికి, అక్కడి నుంచి దాని కింది మడికి పారుతుంది. నడుమ ఒకరు తన మడి ఆరబెడతానంటే కింద ఉన్న పదిమందీ ఆగాలి. నీరటి ఉన్న రోజుల్లో ఎవరి వంతు ఎప్పుడో అతను చూసేవాడు. ఇప్పుడు చాలా చోట్ల ఆ పని ఎవరిదీ కాకుండా పోయింది. కాలువ కిందనైతే ఇంకో చిక్కు. యాసంగిలో వారం వదిలి వారం ఆపే ఆన్ అండ్ ఆఫ్ పద్ధతి అమలైతే చివరి ఆయకట్టు రైతు ఇష్టం లేకపోయినా తడి-పొడి చేస్తున్నట్టే. తర్వాతి వంతు చెప్పిన రోజుకు వస్తుందన్న నమ్మకం లేనివాడు, వచ్చినప్పుడే మడి నిండా నిలుపుకుంటాడు. నల్లరేగడిలో మడి ఎక్కువ ఆరితే నేల నెర్రెలు బారుతుంది. తర్వాత పెట్టిన నీరు ఆ నెర్రెల్లోంచి లోపలికి జారిపోయి, ఆదా చేయబోయినదే పోతుంది. కలుపు కూలి ఖర్చు సరేసరి. శ్రీ వరి అనుభవం కూడా ఇలాంటిదే. 1980లలో మడగాస్కర్‌లో పుట్టిన ఆ పద్ధతిని 2003లో వ్యవసాయ విశ్వవిద్యాలయం మన దగ్గర పరిచయం చేసింది. లేత నారు, వెడల్పు సాళ్లు, కలుపు తీసే కోనో వీడర్ అన్నీ కలిస్తే దిగుబడి బాగానే వచ్చింది. అయినా కూలీలు దొరకని ఊళ్లలో ఆ శ్రమకు తగిన ఫలం లేదని చాలామంది వదిలేశారు.

బోరు కింద పొలం ఉన్నవారికి ఈ అడ్డంకులు అంతగా లేవు. మోటరు వారి చేతిలోనే ఉంది. అయితే కరెంటు ఉచితం. 2004లో మొదలైన ఉచిత విద్యుత్తు తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ వచ్చింది. నీటికీ కరెంటుకీ ధర లేనప్పుడు ఆదా చేసిన రైతుకు చేతికి దక్కేదేమీ ఉండదు. ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి పోయేవారిని తప్పుపట్టేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. మరోవైపు ఉచిత విద్యుత్తును ఒట్టి ఓటు తాయిలమని కొట్టిపారేయడం కూడా సరికాదు. కాలువ ఆయకట్టు రైతుకు నీరు దాదాపు ఊరికే అందుతున్నప్పుడు, అప్పు చేసి బోరు వేసుకున్న మెట్ట రైతుకు ఆ విద్యుత్తే కాలువ. రాత్రిపూట వచ్చే కరెంటు కోసం పొలం గట్ల మీద పడుకుని పాము కాటుకు, షాకుకు బలైనవారి సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. పగలంతా కరెంటు రావడం వారికి ప్రాణభద్రత. 24 గంటలు వద్దు, 9 గంటలు చాలు, లేకపోతే ఊళ్లో నీళ్లు అడుగంటుతాయని అప్పట్లో అడిగిన రైతులూ ఉన్నారు. రైతులందరిదీ ఒకే మాట అనుకోవడం పొరపాటు.

రైతు అలవాటును మార్చమనకుండా నీరు తగ్గించిన పరిశోధన ఒకటుంది. దానికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. అది స్వల్పకాలిక వరి రకాలు. సాంబమసూరిగా పిలిచే బీపీటీ 5204 కోతకు రావాలంటే 150 రోజులు పడుతుంది. రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, ఆర్ఎన్ఆర్ 15048, దాదాపు 125 రోజుల్లో వస్తుంది. అదీ సన్న రకమే. గోదావరికి అవతల పెద్దపల్లి జిల్లా కూనారం పరిశోధన కేంద్రం ఇచ్చిన కేఎన్ఎం 118, జగిత్యాల పొలాస కేంద్రం ఇచ్చిన జేజీఎల్ 24423 కూడా ఇంచుమించు ఆ వ్యవధిలోవే. గొట్టం చూడనక్కర్లేదు, పొరుగువారితో వంతు మాట్లాడుకోనక్కర్లేదు. విత్తనం మార్చితే చాలు, పాతిక రోజుల పారకం తగ్గుతుంది. యాసంగిలోనైతే ఎండలు ముదరకముందే, వడగళ్లు పడకముందే వడ్లు ఇంటికి చేరవచ్చు. పొలాసలోనో కూనారంలోనో పనిచేసే శాస్త్రవేత్తలు నీటి నిపుణులుగా తమను తాము చెప్పుకోకపోవచ్చు. కానీ ఈ జిల్లాల్లో నీటి ఆదాకు వాళ్లు చేసిన మేలు చాలా పెద్దదనుకుంటాను.

ఆ మేలుకు కూడా మరో ముఖం ఉంది. వానాకాలం పంట నెల ముందు తెగితే పొలం నెల ముందు ఖాళీ అవుతుంది. చెరువులో, బోరులో నీరు మిగిలి ఉంటే ఆ పొలం ఖాళీగా ఉండదు, యాసంగి నాటు పడుతుంది. ఎకరాకు పంట పంటకూ వాడే నీరు తగ్గినా, ఏడాది మొత్తానికి తోడే నీరు పెరిగిందంటే అందులో వింత లేదు. తెలంగాణలో వరి విస్తీర్ణం ఈ పదేళ్లలో పెరిగిన తీరుకు ప్రాజెక్టులు, మిషన్ కాకతీయ, కరెంటు, మద్దతు ధర కొనుగోళ్లు కారణాలని చెబుతుంటాం. విత్తనం పేరు ఆ జాబితాలో రాదు, రావాలి. రెండో పంట దక్కిన రైతుకు ఇది నష్టమని ఎవరూ అనలేరు. ఆదా అన్న మాటకు అర్థం మాత్రం మారిపోతుంది.

అసలు మడిలోంచి ఇంకిపోయిన నీరంతా వృథా అయినట్టేనా? కడెం కాలువ సాగినప్పుడు దాని పక్క బావుల్లో ఊట పెరుగుతుంది. చెరువు నిండితే కట్ట కింది బోర్లు పోస్తాయి. పై రైతు మడిలో ఇంకినదే కింది రైతు బావిలో తేలుతుంది. పై రైతు పొదుపు చేసి, ఆ మిగిలిన నీటితో మరో ఎకరం పారిస్తే, కింది బావికి చేరేది తగ్గుతుంది. మడి లెక్కలో అది ఆదా, వాగు లెక్కలో కేవలం చేతులు మారడం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో పలు దేశాల అనుభవాలు పరిశీలించి దాదాపు ఇదే తేల్చింది. ఆధునిక పారకం వచ్చిన చోట, నీటి కేటాయింపుకు హద్దు లేకపోతే, మొత్తం వాడకం తగ్గకపోగా పెరిగిన సందర్భాలే ఎక్కువ. మనకు దగ్గర ఉదాహరణ రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి. అక్కడ 1999లో ఇక్రిశాట్ మొదలుపెట్టిన వాటర్‌షెడ్ పనులతో బావులు కోలుకున్నాయి, ఆదాయాలు పెరిగాయి. అది చాలామంది చూసివెళ్లిన నమూనా. వాగులో కిందికి పోయే నీరు ఆ పనుల వల్ల తగ్గిందని ఆ తర్వాత లెక్కకట్టింది కూడా ఇక్రిశాట్ పరిశోధకులే. తమ విజయానికి దిగువన ఏం జరిగిందో తామే కొలవడం మెచ్చుకోదగింది. అలా కొలిచిన పథకాలు అరుదు.

ఈ వాదనను మరీ ముందుకు లాగితే అదీ ప్రమాదమే. ఇంకినదంతా ఎవరికో ఒకరికి చేరుతుందిలే అనుకుంటే ఇక పొదుపు చేయాల్సిన పనే లేదు. నది నుంచి మోటార్లతో ఎత్తి తెచ్చిన నీరు మళ్లీ భూమిలో ఇంకితే, దాన్ని తిరిగి మరో మోటరుతో తోడాలి. ఖర్చు రెండింతలు. ఇంకిన నీరు కావలసిన వేళకు, కావలసిన చోటికి చేరుతుందన్న హామీ లేదు. వేసవిలో మడి మీద నుంచి ఆవిరైపోయేది ఎవరి బావికీ చేరదు. కాబట్టి ఎక్కడి నీరు ఎలా వచ్చిందన్నది ముఖ్యం. గురుత్వాకర్షణతో చెరువు తూము దిగిన నీటికీ, వందల అడుగులు ఎత్తిపోసిన నీటికీ ఒకే పొదుపు సూత్రం వర్తించదు.

నస్పూర్ చుట్టుపక్కల ఈ తేడా ఇంకాస్త జటిలం. భూగర్భ గనుల్లో బొగ్గు తీయాలంటే ఊటనీటిని ఆపకుండా తోడాలి. ఆ నీటిలో కొంత కాలనీలకు, కొంత చుట్టుపక్కల చెరువులకు, వాగులకు చేరుతుంది. ఎండాకాలంలో పొలాలకు, పశువులకు అది ఆసరా అన్నది నిజం. ఆ తోడకం వల్లే దగ్గరి బావుల్లో నీటి మట్టం దిగుతుందన్నదీ నిజమే. గని మూతబడిన రోజున పైకి వచ్చే నీరు ఆగిపోతుంది, నేల కింది నీరు మెల్లగా కోలుకుంటుంది. అప్పటిదాకా ఆ నీటి మీద ఆయకట్టు పెంచుకున్న రైతు ఏంచేయాలన్నది గని ప్రణాళికలో భాగం కావాలి.

పెద్ద ప్రాజెక్టుల మీద మన దగ్గర చర్చ సాధారణంగా రెండు జెండాల మధ్య జరుగుతుంది. కాళేశ్వరం ఖర్చు 1.47 లక్షల కోట్ల రూపాయలు దాటవచ్చని 2024లో కాగ్ నివేదిక చెప్పింది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీలో పిల్లర్లు కుంగిన తర్వాత, ఆ ప్రాజెక్టు మూడు బ్యారేజీల్లోనూ నీరు నిలపడం ఆగిపోయింది. అయినా 2024 వానాకాలంలో రాష్ట్రంలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి సాగై, 153 లక్షల టన్నుల దిగుబడి వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ప్రాజెక్టు అవసరమే లేదనడానికి ఒక పక్షం దీన్ని చూపుతుంది. మంచి వానలు పడిన ఏడాదిని చూసి కరువేడు సంగతి తేల్చలేమని, రిజర్వాయర్లు, కాలువలు, పూడిక తీసిన చెరువులు అన్నీ కలిసిన ఫలితమిదని మరో పక్షం అంటుంది. రెండిట్లోనూ నిజముంది. మంచిర్యాల జిల్లాకు సంబంధించి మాత్రం ఇంకో మాట చేర్చాలి. ఎల్లంపల్లి కోసం హాజీపూర్, లక్సెట్టిపేట వైపు ఊళ్లు మునిగాయి. అన్నారం బ్యారేజీ వెనుక జలాల్లో చెన్నూరు వైపు చేలు మునిగాయి. ఒడ్డున ఉండి మునిగినవారికి దక్కిన పారకం, దూరంగా ఉన్నవారికి దక్కినంత లేదు. నీటి సామర్థ్యం లెక్కలు కట్టే పరిశోధన ఏదీ ఈ అంతరాన్ని తనంతట తాను చూపదు.

ప్రపంచ ఆహార భద్రత అన్న మాట ఇక్కడి పొలానికి ఎలా వర్తిస్తుంది? 2021 చివర్లో, ఉప్పుడు బియ్యం కొనడంపై కేంద్రంతో తగవు ముదిరి, యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్ర ప్రభుత్వమే రైతులకు చెప్పింది. యాసంగి వడ్లు ఎండకు మిల్లులో నూకవుతాయి కాబట్టి ఉప్పుడు బియ్యంగా మార్చడం తప్ప మిల్లర్లకు దారి లేదు. కొనేవారు వద్దన్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2023 జూలైలో, దేశంలో ధరలు పెరుగుతున్నాయని కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మన దేశానిదే. ఆ ఆగస్టులో అంతర్జాతీయ ధరలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరాయి. మన బియ్యం మీద ఆధారపడిన పశ్చిమ ఆఫ్రికా దేశాలు ఇబ్బందిపడ్డాయి. 2024 సెప్టెంబర్‌లో నిషేధం ఎత్తేశారు. ఒకసారి ఎక్కువైందని, ఒకసారి తక్కువైందని చెప్పించుకున్న రైతు అదే, పొలం అదే. మన భూగర్భ జలాన్ని బియ్యం బస్తాల్లో ఎగుమతి చేస్తున్నామన్న విమర్శలో బలం ఉంది. ఆ బస్తా ఆగితే దూరదేశపు పేదవాడి కంచంలో అన్నం తగ్గుతుందన్న మాటలోనూ అంతే బలం ఉంది. కందులు, మక్కలు, నువ్వులు వేయమనే సలహా శాస్త్రీయంగా సరైనదే. కానీ వడ్లకు ఉన్న కొనుగోలు కేంద్రం వాటికి ఊరూరా లేనంతకాలం ఆ సలహా పాటించినవారే నష్టపోతారు.

నీటిని రైతులనే కొలవమంటే ఏమవుతుందో చూసిన అనుభవం ఒకటి మనకుంది. ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం వంటి ఏడు కరువు జిల్లాల్లో ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. రైతులే తమ బావుల మట్టం, వాన కొలిచి, యాసంగికి ముందు కూర్చుని నీటి లెక్క వేసుకునేవారు. ఎవరి మీదా నిర్బంధం లేదు, సబ్సిడీ ఆశ లేదు. చాలా ఊళ్లలో వరి తగ్గింది, తోడకం అదుపులోకి వచ్చిందని ఆనాటి నివేదికలు చెప్పాయి. ప్రాజెక్టు ముగిశాక కొలతలు అన్నిచోట్లా నిలవలేదు. జ్ఞానం చాలా దూరం తీసుకెళ్తుంది కానీ, ఉచిత కరెంటుకూ మద్దతు ధరకూ ఎదురుగా అది ఒక్కటే ఎంతకాలం నిలబడుతుందన్న అనుమానం అక్కడ మిగిలింది.

కాబట్టి నేను మొగ్గేది ఒక పరిమితమైన దారికి. తడి-పొడిని రాష్ట్రమంతటా ఒకే లక్ష్యంగా పెట్టకుండా, ముందు ఎత్తిపోతల కిందా, బోర్ల కిందా ప్రోత్సహించాలి. అక్కడ మిగిలిన ప్రతి గంట మోటరు నడకా నిజమైన ఆదాయే. చెరువు తూము కింద, కాలువ పక్క బావుల నేలలో తొందరపడకూడదు. అక్కడ స్వల్పకాలిక రకాలతోనే సరిపెట్టుకుని, ఇంకిన నీరు ఎటు పోతోందో ముందు కొలవాలి. ఇక కాలువ చివర ఆయకట్టుకు పొదుపు పాఠం చెప్పేముందు వంతు తేదీ తప్పకుండా నీళ్లివ్వాలి. నీటి విడుదలపై సీజన్‌కు ముందు నిర్ణయించే శివం కమిటీ, మిగిలిన నీరు కొత్త ఎకరాలకు కాక చివరి ఎకరాలకే పోతుందని అప్పుడే ప్రకటిస్తే, ఎగువ రైతు పొదుపుకు కనీసం ఒక అర్థం ఉంటుంది. ఇది నెమ్మదిగా సాగే పని. ఏటా పెరిగే జనాభాకు, మారే వానలకు ఇంత నెమ్మది సరిపోదని కొందరు అంటారు. వారి ఆందోళనను తేలిగ్గా తీసుకోలేను. కాకపోతే అంతటా ఒకేసారి రుద్ది, నాలుగేళ్లలో రైతులు వదిలేసిన పద్ధతులు మనకు తక్కువేం లేవు.

మొదటి ప్రయత్నం ఒక మడిలో కాక ఒక తూము కింద జరగాలి. దాని ఆయకట్టు మొత్తాన్ని రెండు వానాకాలాలు, రెండు యాసంగులు తడి-పొడిలో ఉంచి, పొలంలో ఎంత మిగిలిందో, దిగువ బావుల్లో మట్టం ఎంత మారిందో ఒకే కాగితం మీద రాయాలి. పొలాస, కూనారం కేంద్రాలకు ఇది చేయగల శక్తి ఉంది. మీథేన్ తగ్గించినందుకు కార్బన్ డబ్బు ఇస్తామని కంపెనీలు ముందుకొస్తే, ఆ ఒప్పందంలో నీటి సంగతి కూడా ఉండాలి. నడుమ దిగుబడి తగ్గితే ఆ నష్టం ప్రయోగం చేయించినవారిదేనని, ఎకరాకు ఎంతో సహా, నాటుకు ముందే రాసి ఇవ్వాలి.